‘మానవ తప్పిదం’ అని రాసే ముందు స్టేషన్ గదిలోకి ఒకసారి తొంగి చూడండి

సంపాదకులకు,

అయ్యా,

రైలు ప్రమాదం జరిగిన మర్నాడు పత్రికల్లో శీర్షిక దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ‘స్టేషన్ మాస్టర్ మతిమరుపు’, ‘లోకో పైలట్ నిర్లక్ష్యం’, ఏదీ కుదరకపోతే ‘మానవ తప్పిదం’. అది అబద్ధమని నేననడం లేదు. సగం వాక్యం రాసి ఫుల్‌స్టాప్ పెట్టేశారంటున్నాను. మనిషన్నాక మరిచిపోతాడని రైల్వేకి మొదటి నుంచీ తెలుసు. అందుకే ఏ స్టేషన్‌లోనూ గుర్తుపెట్టుకునే పని మాస్టరు బుర్ర ఒక్కదానికే అప్పగించలేదు. గోడవార పరికరం, బల్ల మీది పుస్తకం, బటన్‌కు తొడిగిన కాలరు, అవతలి స్టేషన్‌లో కూర్చున్న మరో మాస్టరు, గేటు దగ్గర ఫోనెత్తే మనిషి, బండి చివర వెలిగే ఎర్రదీపం, ఇవన్నీ కలిస్తేనే ‘ఆ లైన్లో బండి ఉంది’ అన్న ఎరుక. ఒకరు మరిచిపోయారంటే మిగతావాటికి ఏమైందని అడగాలి. వార్తల్లో ఆ ప్రశ్న కనబడదు కాబట్టే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

డబుల్ లైన్ మీద ఒక్క బండి సంగతి చూద్దాం. వెనక స్టేషన్ పంపాలి, ముందు స్టేషన్ తీసుకోవాలి. వెనక మాస్టరు బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ (రెండు స్టేషన్లను కలిపే, గంటా ముల్లూ హ్యాండిలూ ఉన్న పరికరం) మీద గంట ఒక దెబ్బ కొడతారు, ఇటు చూడమని. ముందాయన అదే ఒక దెబ్బ తిరిగి కొడతారు. ఫోన్లో బండి నంబరు, అది ఎక్స్‌ప్రెస్సా గూడ్సా అన్నది చెప్పుకుంటారు. తర్వాత రెండు దెబ్బలు: లైన్ క్లియర్ (మీవైపు బండి పంపడానికి అనుమతి) ఇస్తారా? ఇవ్వాలంటే ముందాయన మూడు సంగతులు చూసుకోవాలి. ముందెళ్లిన బండి తోకతో సహా పూర్తిగా వచ్చేసిందా, దాని వెనక సిగ్నళ్లు తిరిగి ఎర్రకు పడ్డాయా, తన మొదటి స్టాప్ సిగ్నల్ దాటి ఇంకో 180 మీటర్లు ఖాళీగా ఉందా. (స్తంభం మీద చెయ్యిలా వాలే పాత సెమాఫోర్ సిగ్నళ్ల రోజుల్లో ఇది 400 మీటర్లు.) మూడూ సరిగా ఉంటే రెండు దెబ్బలు తిరిగి కొట్టి, హ్యాండిల్‌ని ‘లైన్ క్లియర్’కి తిప్పుతారు. కొన్ని కిలోమీటర్ల అవతల, వెనకాయన గదిలో ముల్లు కదిలి ‘లైన్ క్లియర్’ మీద నిలుస్తుంది.

ఆ ముల్లు పక్కకి జరిగితే గాని వెనకాయన తన ఆఖరి సిగ్నల్ ఇవ్వలేరు. ఎంత గట్టిగా గుర్తున్నా, బండ్ల రాకపోకలు చూసే కంట్రోలర్ ఎంత తొందరపెట్టినా కుదరదు, లాకు రాదు. బండి బయల్దేరి ఆ సిగ్నల్ దాటగానే అది దానంతటదే ఎర్రకు పడుతుంది. కొత్తగా లైన్ క్లియర్ వస్తే తప్ప మళ్లీ లేవదు. వెనకాయన మూడు దెబ్బలు కొడితే, ముందాయన హ్యాండిల్‌ని ‘ట్రెయిన్ ఆన్ లైన్’కి తిప్పుతారు. బండి పూర్తిగా చేరాక నాలుగు దెబ్బలు, ‘లైన్ క్లోజ్డ్’. అయిదు కొడితే ఇందాకటిది రద్దు. ఆరు కొడితే ప్రమాదం, ఏదున్నా ఆపమని. ఆరు కొట్టి కాస్త ఆగి రెండు కొడితే, మీవైపు వస్తున్న బండికి తోకదీపం లేదని.

ఈ మధ్యలో మాస్టరుకి కంట్రోల్ ఫోన్ వస్తుంది, టికెట్ కిటికీ దగ్గర గొడవవుతుంది, పాయింట్స్‌మన్ వచ్చి ఏదో అడుగుతాడు. ముల్లు మాత్రం పెట్టినచోటే ఉంటుంది. ఆ పది నిమిషాల జ్ఞాపకాన్ని మోసేది మాస్టరు కాదు, ఆ ముల్లే. ఇంకా చిత్రమేమంటే, తన స్టేషన్ నుంచి బండి పంపడానికి ఉన్న అనుమతి అవతలివాడి చేతి హ్యాండిల్లో ఉంటుంది. ఒక్కరి పొరపాటుతో అంత తేలిగ్గా దారి తప్పదు.

తోకదీపం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బండి వచ్చిందని ఇంజన్ చూస్తే తెలుస్తుంది. బండి ‘పూర్తిగా’ వచ్చిందని మాత్రం ఇంజన్ చూసి చెప్పలేం. మధ్యలో కప్లింగ్ తెగి నాలుగు వ్యాగన్లు సెక్షన్లోనే, అంటే రెండు స్టేషన్ల మధ్య లైన్లోనే, నిలిచిపోయి ఉండొచ్చు. అందుకే ఆఖరి పెట్టెకు ‘ఎల్‌వి’ (లాస్ట్ వెహికల్) పలక, రాత్రిపూట ఎర్రదీపం. పాయింట్స్‌మనో, మాస్టరో ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకుని నిలబడేది మర్యాద కోసం కాదు, ఆ పలక కోసం. ఇప్పుడు చాలా సెక్షన్లలో యాక్సిల్ కౌంటర్లు వచ్చాయి. వెళ్లిన ఇరుసులెన్ని, చేరిన ఇరుసులెన్ని అని అవే లెక్కపెట్టుకుంటాయి. లెక్క సరిపోకపోతే సెక్షన్ తాళం పడినట్టే. అప్పుడు రీసెట్ చేయాలి. రీసెట్ అంటే ‘లైను ఖాళీ అని నేను పూచీ’ అని యంత్రానికి మనిషి చెప్పడం. ఆఖరి బండి తోకతో సహా చేరిందని నిజంగా తేల్చుకోకుండా రీసెట్ నొక్కితే, అంతసేపూ నిజం పట్టుకుని కూర్చున్న యంత్రం చేత మనమే అబద్ధం చెప్పించినట్టు. ఆ పని ఒకరివల్ల కాకుండా రెండు స్టేషన్ల సహకారం కావాలని పెట్టడానికీ, ప్రతి రీసెట్‌కీ ఒక అంకె పెరిగే లెక్కమీటరు పెట్టడానికీ కారణం ఇదే.

ఈ లెక్కమీటర్లు ప్యానెల్ (మాస్టరు బటన్లు నొక్కి స్టేషన్ సిగ్నళ్లు నడిపే బల్ల) మీద కూడా ఉంటాయి. ఇచ్చిన రూటును అత్యవసరంగా రద్దు చేయాలంటే మాస్టరు రెండు బటన్లు నొక్కాలి, 120 సెకన్లు ఆగాలి, మీటరు మీద అంకె ఒకటి పెరుగుతుంది. దాన్ని వెనక్కి తిప్పే వీల్లేదు. పాత అంకె, కొత్త అంకె, ఎందుకు నొక్కారు అన్నది పుస్తకంలో రాయాలి. ఆ 120 సెకన్లు ఎందుకంటారా? పచ్చ చూసి వస్తున్న బండికి హఠాత్తుగా ఎర్ర కనబడితే అది ఆగడానికి, లేదా ఆ పాయింట్లు (పట్టాలు దారి మారే చోట్లు) దాటేయడానికి ఆ సమయం కావాలి. తొందర చేయొద్దని చెప్పే అధికారి పక్కన లేకున్నా, ఆ ఆలస్యం యంత్రంలోనే కూర్చుని ఉంది.

ఇక నాకు అన్నిటికంటే ముచ్చటైనది ప్రైవేట్ నంబరు. దీని గురించి తెలుగులో ఎవరూ రాయగా నేను చూడలేదు. స్టేషన్ మాస్టరు దగ్గర ఒక షీటు, గేట్‌మన్ దగ్గర ఒక షీటు ఉంటాయి. అందులో రెండంకెల సంఖ్యలు వరుసా వాయీ లేకుండా ఉంటాయి: 47, 82, 19, 63, ఇలా. మాస్టరు ఫోన్ చేసి ఫలానా నంబరు బండి వస్తోంది, గేటు వేయమంటారు. గేట్‌మన్ గేటు వేసి, తాళం పెట్టి, తిరిగొచ్చి, తన షీటులో తర్వాతి సంఖ్య చెప్పి, దాన్ని కొట్టేసి, పక్కన బండి నంబరు రాస్తారు. మాస్టరు ఆ సంఖ్యను తన రిజిస్టర్లో రాసుకుంటారు. ఆ తర్వాతే సిగ్నల్.

‘వేశానండీ’ అంటే చాలదా, ఈ సంఖ్యెందుకు? ‘ఆ… ఆ… సరే’ అన్నది మనం నిద్రలో కూడా అనగలం. ఎవరో వెనక నుంచి ‘వేశాం’ అని అరిచినా ఫోన్లో అదే వినబడుతుంది. 63 అన్నది మాత్రం షీటు చూడకుండా చెప్పలేరు. షీటు చూడాలంటే గదిలోకి రావాలి, కలం తీయాలి, బండి నంబరు రాయాలి. ఆ నాలుగు పనులూ చేస్తే మనసు ఇక్కడికి వస్తుంది. సంఖ్యలు వరుసలో ఉంటే అవతలివాళ్లు ముందే ఊహించుకుంటారు, అందుకే వరుస ఉండదు. ఒకసారి వాడింది కొట్టేస్తారు కాబట్టి నిన్నటి మాట ఇవాళ్టికి చెల్లదు.

అది ఎలా చెడిపోతుందో కూడా చెప్పాలి. గేటు అవతల నలభై బైకులు హారన్ మోగిస్తుంటాయి. ‘ముందు నంబరిచ్చేసి తర్వాత గేటు వేద్దాంలే, ఇంకా టైముంది’ అనిపిస్తుంది. అటునుంచొకటి ఇటునుంచొకటి రెండు బండ్లుంటే, ‘రెండిటికీ ఇప్పుడే నంబర్లు ఇచ్చెయ్’ అని మాస్టరు అడుగుతారు, ఫోన్ మళ్లీ ఎత్తే పని తప్పుతుందని. ఈ రెండూ జరిగిన క్షణాన ఆ సంఖ్యకు అర్థం పోతుంది. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది, గేటు మాత్రం తెరిచి ఉంటుంది. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటైతే గేటు పడందే సిగ్నల్ రాదు, కాబట్టి యంత్రం కాపాడుతుంది. ఇంటర్‌లాకింగ్ లేని గేటు దగ్గర మాత్రం ఆ రెండంకెలే దిక్కు. ప్రమాదం జరిగినప్పుడు విలేకరి మొదట అడగాల్సింది గేట్‌మన్ తాగాడా అని కాదు, గేటు ఏ రకం అని.

కాలర్ల సంగతికొద్దాం. లూప్ లైన్లో (స్టేషన్‌లో మెయిన్ లైన్ పక్కన బండ్లు నిలిపే లైన్లో) ఇంజన్ లేని గూడ్సు పెట్టి ఉంచారనుకోండి. ఆ లైనుకి సంబంధించిన బటన్‌కో లీవరుకో మాస్టరు ఒక కాలరు తొడుగుతారు. చెయ్యి అటు పోతే కాలరు తగులుతుంది. చూడ్డానికి ఏముంది, ఒక చిన్న తొడుగు. ప్యానెల్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంటుంది కదా, ఇదెందుకు అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. సమాధానం తుప్పులో ఉంది. లైన్లో బండి ఉందని పట్టాల్లోని కరెంటుతో కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్ పనిచేయాలంటే చక్రం, ఇరుసు కలిసి రెండు పట్టాల మధ్య కరెంటును కలపాలి. అరుదుగా వాడే లూప్ లైన్లో పట్టాల మీద తుప్పు పొర కట్టి ఉంటే, తేలికపాటి పెట్టె నిలబడినా కరెంటు సరిగా కలవదు. లైన్లో పెట్టె ఉంటుంది, ప్యానెల్ మీద ఖాళీ అని చూపిస్తుంది. దీనికి ఉల్టా వానాకాలంలో జరుగుతుంది. కంకరలో నీళ్లు నిలిచి కరెంటు పట్టా నుంచి పట్టాకి కారిపోతుంది, బండి లేకుండానే ఎర్ర వెలుగుతుంది. ఇది క్షేమం వైపు తప్పే, ఎవరికీ దెబ్బ తగలదు. కాని జులై నుంచి సెప్టెంబరు దాకా రోజూ ఉత్త ఎర్ర చూసి చూసి, ‘అది ఎప్పుడూ అంతేలే’ అని కంటికి అలవాటైపోతుంది. ఎర్ర అంటే బండి అన్న లంకె మనసులో వదులవుతుంది. డ్రైనేజి బాగు చేయని ఇంజనీరింగు లోపం, రెండు నెలల తర్వాత మాస్టరు తీర్పులో లోపంగా బయటపడుతుంది. విచారణలో దొరికేది మాస్టరే.

ట్రెయిన్ సిగ్నల్ రిజిస్టర్ చూసినవాళ్లకు అది ఉత్త లెక్కల పుస్తకంలా కనబడుతుంది. లైన్ క్లియర్ అడిగిన టైము, ఇచ్చిన టైము, బండి సెక్షన్లోకి వచ్చిన టైము, చేరిన టైము, అన్నీ 24 గంటల లెక్కలో ఉంటాయి. దిద్దకూడదు, చెరపకూడదు. తప్పు రాస్తే గీత కొట్టి పక్కన సరైనది రాసి పొడి సంతకం పెట్టాలి. ముఖ్యమైన నియమం ఒకటే: జరిగిన వెంటనే రాయాలి. తీరిగ్గా నాలుగు బండ్లవీ ఒకేసారి రాసుకునే అలవాటు పడితే, పుస్తకం మాస్టరుకి గుర్తుచేయడం మాని, మాస్టరే పుస్తకానికి గుర్తుచేయడం మొదలవుతుంది. స్టేషన్ల గడియారాలన్నీ రోజూ 16.00 గంటలకు సరిచూసుకోవడం కూడా ఇందుకే. ఇద్దరి రిజిస్టర్లలో ఒకే సంఘటనకు రెండు టైములుంటే, ఆ రెండు పుస్తకాలూ ఒకదాన్నొకటి పట్టుకోలేవు.

డ్యూటీ మారేటప్పుడు జారిపోయేవి ఎక్కువ. దిగే మాస్టరు డైరీలో రాయాలి: ఏ లైన్లో ఏముంది, కాలర్లు ఎక్కడున్నాయి, ఏ కాషన్ ఆర్డర్లు (నెమ్మదిగా వెళ్లమనే ఆదేశాలు) అమల్లో ఉన్నాయి, ప్రైవేట్ నంబరు షీటు ఎక్కడిదాకా వాడారు, సిగ్నల్ వాళ్లు ఏదైనా డిస్‌కనెక్షన్ తీసుకుని (పరికరాన్ని వాడకం నుంచి తప్పించి) పనిలో ఉన్నారా. ఎక్కేవాళ్లు చదివి సంతకం పెట్టాలి, ఆపైన పరికరం ముల్లునీ ప్యానెల్‌నీ తమ కళ్లతో చూడాలి. చదివి చూడకపోయినా, చూసి చదవకపోయినా సగమే. పేపర్‌లోకి ఎక్కని సంగతులు, అంటే ‘మూడో నంబరు పాయింటు ఇందాకట్నుంచి ఒకసారికి పడట్లేదు, రెండోసారికి పడుతోంది’ లాంటివి, నోటిమాటగా చెబితేనే అందుతాయి. పన్నెండు గంటల డ్యూటీ చేసి, రిలీఫ్ ఆలస్యమై పద్నాలుగో గంటలో ఉన్న మనిషి ఆ ముక్క చెప్పడం మరిచిపోతారు. మనుషులు చాలకపోతే పోయేది శ్రమ మాత్రమే కాదు, స్టేషన్ జ్ఞాపకంలో ఒక ముక్క కూడా పోతుంది.

ఇప్పుడు రెండు ప్రమాదాలు. రెండూ అందరికీ తెలిసినవే.

2023 జూన్ 2న ఒడిశాలో బాలేశ్వర్ దగ్గర బహనగా బజార్ స్టేషన్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైన్ మీద వెళ్లాల్సింది లూప్ లైన్లోకి వెళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. లోకో పైలట్‌కు పచ్చ కనబడింది, కాబట్టి వెళ్లారు. ప్యానెల్ మీద మెయిన్ లైనుకి రూటు పడినట్టు కనబడింది, కాబట్టి సిగ్నల్ ఇచ్చారు. పాయింటు మాత్రం లూప్ వైపు ఉంది. గేటు పనికి సంబంధించి సిగ్నలింగ్ సర్క్యూట్లలో చేసిన మార్పుల్లో లోపాలున్నాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. గేటు దగ్గరి లొకేషన్ బాక్సులో (సిగ్నల్ వైర్లు కలిసే పెట్టెలో) వైర్లకు తప్పు లేబుళ్లు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. వైరుకు కట్టిన లేబులు కూడా ఒక జ్ఞాపకమే. ఎన్నడో ఒకరు కట్టినదాన్ని నమ్మి ఇంకొకరు వైరు మార్చారు. ఆ వైరును నమ్మి రిలే ఎత్తింది, రిలేను నమ్మి ప్యానెల్ వెలిగింది, ప్యానెల్‌ను నమ్మి మాస్టరు, సిగ్నల్‌ను నమ్మి పైలట్. అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాంక్రానయాబాజ్ స్టేషన్‌లో 2022 మే 16న ఇలాంటి తప్పు వైరింగు వల్లే ఒక సంఘటన జరిగింది. అప్పుడే సరిచేసి ఉంటే ఇది జరిగేది కాదని ఆ విచారణే చెప్పింది. ఒక స్టేషన్ నేర్చుకున్నది ఇంకో స్టేషన్‌కి చేరలేదు.

రెండోది 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్లో రంగాపానీ దగ్గర, కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనక నుంచి గూడ్సు గుద్దింది. పది మంది చనిపోయారు. చనిపోయిన గూడ్సు లోకో పైలట్ సిగ్నల్‌ను లెక్కచేయలేదన్న మాట ఆ రోజే బయటికొచ్చింది, పత్రికలూ అదే రాశాయి. తర్వాత విచారణ నివేదిక చూస్తే కథ వేరు. ఆ ఉదయం నుంచి ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయడం లేదు. వాటిని దాటడానికి బండ్లకు టి/ఏ 912 అనే కాగితం ఇచ్చారు. ఎంత వేగంతో వెళ్లాలో ఆ కాగితంలో లేదు. ఆ రెండు బండ్లు కాకుండా మరో అయిదు బండ్లు అదే కాగితంతో వెళ్లాయి, ఒక్కో పైలట్ ఒక్కో వేగంతో. గంటకు 15 కిలోమీటర్లకు మించకుండా, పాడైన ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక నిమిషం ఆగుతూ వెళ్లింది కాంచన్‌జంగా ఒక్కటే. అంటే నియమం పాటించిన బండిని, పాటించనిది వెనక నుంచి అందుకుంది. ఒకే కాగితం ఏడుగురి చేతిలో పెడితే అందరూ ఒకేలా చదవలేదంటే, చదివినవాళ్లలో ఒకణ్ణి పట్టుకుని ‘తప్పిదం’ అనడం సులువు. కాగితం మీద ‘15 కి.మీ.’ అని ఒక్క గడి ఉండి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం ఆ రోజు పత్రికల్లో నాకు కనబడలేదు.

లోకో పైలట్లకు నియమాలు బుర్రలో ఉండాలి కదా అంటారు. ఉంటాయి. కాని వాళ్ల బుర్ర కూడా సగం పట్టాల పక్కనే ఉంటుంది. కొత్త దారిన నడపాలంటే ముందు ‘లైన్ నేర్చుకోవాలి’, పగలూ రాత్రీ కలిపి ట్రిప్పులు వేయాలి. మూడు నెలలు ఆ దారిన రాకపోతే మళ్లీ ఒక ట్రిప్పు చూసిరావాలి. ఏ గుట్ట దాటాక వంపు, ఏ వంతెన తర్వాత సిగ్నల్, ఎక్కడ చెట్టుకొమ్మ అడ్డమొచ్చి దీపం ఆలస్యంగా కనబడుతుంది అన్నది పుస్తకం చెప్పదు, దారే చెబుతుంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు పైకి చెబుతారు, పైలట్ తిరిగి చెబుతారు. కన్ను చూసినదాన్ని నోరు అనాలి, అవతలి చెవి వినాలి. గేటుకు 600 మీటర్ల ముందు పసుపు పలక మీద హిందీలో ‘సి/ఫా’ అని ఉంటుంది. అంటే సీటీ, ఫాటక్, కూత వెయ్, ముందు గేటుంది అని. మీరూ చూసే ఉంటారు.

అన్నిటిలోకీ నాకు నచ్చేది పొగమంచు నియమం. మంచు ‘దట్టంగా’ ఉందా లేదా అని మాస్టరు తన ఇష్టప్రకారం తేల్చడానికి వీల్లేదు. స్టేషన్ నుంచి 180 మీటర్ల దూరంలో ఒక గుర్తు నిర్ణయించి ఉంటుంది, దాన్ని విజిబిలిటీ టెస్ట్ ఆబ్జెక్ట్ అంటారు. అది కనబడకపోతే మంచు ఉన్నట్టు, అంతే. డిటోనేటర్లు పెట్టే ఏర్పాటున్న చోట ఒక మనిషి వెళ్లి, సిగ్నల్‌కు 270 మీటర్ల ముందు పట్టా మీద పది మీటర్ల ఎడంతో రెండు డిటోనేటర్లు బిగిస్తాడు. ఇంజను వాటిమీద ఎక్కగానే పేలతాయి. కళ్లు చేయలేని పని చెవులకు అప్పగించారు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున గోదావరి లంకల పక్కన నడిచే బండ్ల గురించి ఆలోచించండి. ‘ఫరవాలేదు, కనబడుతోందిలే’ అన్న మాటకు తావివ్వకుండా ఒక స్తంభం పాతేసిన మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది.

బండ్లు ఢీకొనకుండా తనంతట తనే బ్రేకు వేసే కవచ్ వ్యవస్థ వచ్చాక ఇవేవీ అక్కర్లేదని చాలామంది అనుకుంటున్నారు. దక్షిణ మధ్య రైల్వేలోనే దాని తొలి పరీక్షలు జరిగాయి. 2022 మార్చి 4న వికారాబాద్ వైపున్న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఎదురెదురుగా బండ్లు నడిపి చూపించారు. మంచి పరికరమే, ఎంత తొందరగా వస్తే అంత మేలు. కాని అది ఆలోచించే పనిని రద్దు చేయదు, చోటు మారుస్తుంది. స్లీపర్ల మీద బిగించిన ఆర్ఎఫ్ఐడీ ట్యాగులో ఏ సమాచారం రాశారో, యార్డులో పాయింటు మార్చిన రోజున ఆ సమాచారం మార్చారో లేదో, తాత్కాలిక వేగ పరిమితి వ్యవస్థలోకి ఎక్కించారో లేదో, ఇక మీదట తప్పులు అక్కడ దాక్కుంటాయి. లొకేషన్ బాక్సులో తప్పు లేబుల్ లాంటిదే ట్యాగులో తప్పు అంకె.

కాబట్టి మీ విలేకరులకు నా మనవి. ప్రమాద స్థలంలో ‘ఎవరిది తప్పు’ అని ఒకరిని అడిగే బదులు ఈ సంగతులు రాబట్టమనండి: సిగ్నలింగ్ ఏ రకం, ఆటోమేటిక్కా, అబ్సల్యూట్ బ్లాకా (పైన చెప్పినట్టు రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండే పద్ధతా), ఆ రోజు ఏదైనా పరికరం డిస్‌కనెక్షన్‌లో ఉందా, ఉంటే దానికిచ్చే టి/351 మెమో ఎన్నింటికి ఇచ్చారు, ఎన్నింటికి తిరిగి కలిపారు, ఏ కాగితం మీద బండి నడిచింది, అందులో వేగం రాసి ఉందా, ఎమర్జెన్సీ లెక్కమీటరు అంకె రిజిస్టర్‌తో సరిపోయిందా, మాస్టరు, పైలట్ డ్యూటీ ఎక్కి ఎన్ని గంటలైంది, అదే లోపం గత ఏడాదిలో ఎన్నిసార్లు పుస్తకంలో రాశారు. ఆఖరిదానికి జవాబు దొరికితే సగం వార్త దొరికినట్టే. ‘మతిమరుపు’ అన్న మాట ఆ తర్వాత రాసినా నాకు అభ్యంతరం లేదు.

పాఠకులకు కూడా ఒక మాట. గేటు పదినిమిషాల ముందే ఎందుకు వేస్తారని తిట్టుకుంటారు. గంటకు 110 కిలోమీటర్లతో వచ్చే బండి సెకనుకు 30 మీటర్లకు పైగా పోతుంది. అది ఎక్కడా తగ్గకుండా వెళ్లాలంటే రెండు కిలోమీటర్ల ముందున్న డిస్టెంట్ సిగ్నలే (ముందు సిగ్నల్ ఎలా ఉందో ముందుగా చెప్పేది) పచ్చగా కనబడాలి. అది దూరం నుంచే కనబడాలి కనుక రెండున్నర కిలోమీటర్లు వేసుకోండి. ఎక్స్‌ప్రెస్‌కి దాదాపు నిమిషంన్నర, 45తో వచ్చే గూడ్సుకి మూడు నిమిషాల ఇరవై సెకన్లు. దానికి ముందు గేటు దించి, తాళం పెట్టి, నంబరు ఇచ్చి, రూటు వేసే సమయం. ఎదురు బండి కూడా ఉంటే ఇంకా పెరుగుతుంది. మీకు బండి కనబడని ఆ సమయమంతా లోకో పైలట్ మీ గేటు మూసి ఉందన్న నమ్మకం మీదే నడుపుతున్నారు. గేటుగదిలో మనిషి ఫోన్ చెవిన పెట్టుకుని ఏదో రాసుకుంటూ కనబడితే, ఆ కాసేపు హారన్ ఆపండి. ఆయన రాసుకుంటున్నది రెండంకెలు. గోలలో సిక్స్‌టీన్ (16), సిక్స్‌టీ (60) ఒకేలా వినబడతాయి.

చివరిగా ఒక సవరణ. ‘సిగ్నల్ ఆన్‌లో ఉన్నందున బండి ముందుకు సాగింది’ అన్న తరహా వాక్యాలు వార్తల్లో తరచు కనబడుతున్నాయి. రైల్వేలో సిగ్నల్ ‘ఆన్’ అంటే ఆగమని, ఎర్ర. ‘ఆఫ్’ అంటే వెళ్లొచ్చని. ఇంట్లో లైటు స్విచ్చి లెక్కన రాస్తే అర్థం తలకిందులవుతుంది. డెస్కులో ఒక చీటీ మీద రాసి కంప్యూటర్‌కు అంటించుకోమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్,
కాజీపేట